కోసేసిన చరణం: టొరెంట్‌కెక్కిన ఒక భక్తి ఆల్బమ్ కేసు

విజయవాడలో రికార్డయిన ఒక భవానీ దీక్ష పాటల ఆల్బమ్ కేసు ఇది. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు, పాటల పల్లవులు, విడుదలైన ఏడు, చేతులు మారిన మొత్తాలు ఇక్కడ ఇవ్వడం లేదు. హక్కుల కాగితాలు, ఫైళ్ల సాంకేతిక వివరాలు, ఏ మెట్టు దగ్గర ఏం ఆలోచించి ముందుకెళ్లాం అన్నది మాత్రం దాచకుండా రాస్తున్నాం. సొంత డబ్బుతో ప్రైవేట్ ఆల్బమ్‌లు తీసే చిన్న నిర్మాతలకూ, వాళ్ల తరఫున నోటీసులు రాసే వకీళ్లకూ పనికొస్తుంది.

నేపథ్యం

నిర్మాత క్యాసెట్ల రోజుల నుంచీ భక్తి పాటల వ్యాపారంలో ఉన్న మనిషి. ఆల్బమ్‌లో ఎనిమిది పాటలు. సాహిత్యం గుంటూరు వైపు ఒక తెలుగు మాస్టారిది, బాణీలు ఒక కీబోర్డ్ కళాకారుడివి. ఇద్దరు గాయకులు, కోరస్, డప్పు. అందరికీ ఒకేసారి డబ్బిచ్చి పని ముగించారు. చేతిలో ఉన్న కాగితాలు స్టూడియో బిల్లు, ఫోన్‌పే రసీదులు, అంతే. అగ్రిమెంట్ ఒక్కటి కూడా లేదు. మన దగ్గర ప్రైవేట్ ఆల్బమ్‌లు చాలావరకు ఇలాగే తయారవుతాయి. ఇందులో మోసమేమీ లేదు, ఒకరి మీద ఒకరికి నమ్మకం. చిక్కల్లా బయటివాడితో పేచీ వచ్చినప్పుడే.

మాల వేసుకుంటే మండల దీక్ష 41 రోజులు, అర్ధమండలం 21 రోజులు. ఆపైన ఇంద్రకీలాద్రి మీద విరమణ. పాట వినబడేదీ, నాలుగు డబ్బులు తెచ్చేదీ ఆ కొద్ది వారాల్లోనే. సీజన్ దాటాక వచ్చే కోర్టు ఆర్డరు నిర్మాతకు పెద్దగా ఉపయోగపడదు. తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయం మీదా ఈ గడువు ప్రభావం ఉంది.

వచ్చిన సమస్య

ఆల్బమ్ అధికారికంగా విడుదల కాకముందే నాలుగు దారుల్లో బయటికొచ్చింది. ఒకటి, తెలుగు భక్తి పాటల పేరుతో ఒక టొరెంట్, అంటే వాడేవాళ్లే ఒకరి కంప్యూటర్ నుంచి ఒకరు నేరుగా ఫైళ్లు తెచ్చుకునే పద్ధతి. రెండు, ఒక ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ లోపలి నెట్‌వర్క్‌లో నడిచే డీసీ ప్లస్ ప్లస్ హబ్ (ఫైళ్లు పంచుకునే సాఫ్ట్‌వేర్‌తో పెట్టుకున్న కూడలి). మూడు, ఒక టెలిగ్రామ్ ఛానల్. నాలుగు, మెమరీ కార్డుల్లో పాటలు నింపిచ్చే సెల్ షాపులు. వీటిమీద కడుపుమంటతోనే నిర్మాత సలహా కోసం వచ్చారు. హాస్టల్ కుర్రాళ్ల మీద పోలీసు కేసు పెట్టాలన్నది ఆయన పట్టుదల.

అయితే కాగితాలు చూస్తుండగా అంతకన్నా పెద్ద దెబ్బ బయటపడింది. నిర్మాత సొంత యూట్యూబ్ ఛానల్‌లో పెట్టిన పాట మీద వేరెవరో హక్కుదారుడినని కంటెంట్ ఐడీ (ఒకేలా ఉన్న పాటల్ని యూట్యూబ్ తనంతట తానే పట్టే వ్యవస్థ) ద్వారా క్లెయిమ్ వేశారు. ప్రకటనల డబ్బు అటు వెళ్తోంది. ఆయన దాన్ని యూట్యూబ్ వాళ్ల ఏదో పొరపాటు అనుకుని పక్కన పెట్టేశారు.

లీకు ఎక్కడ?

ఎవరి మీద ఏ చర్య తీసుకోవాలన్నా ముందు ఫైలు ఎక్కడ నుంచి బయలుదేరిందో తెలియాలి. టొరెంట్‌లో పాటలు 320 కేబీపీఎస్ (సెకనుకు ఎంత డేటా అన్న లెక్క, ఎక్కువైతే నాణ్యత ఎక్కువ) అని రాసి ఉన్నాయి. నిమిషానికి సుమారు 2.4 ఎంబీ చొప్పున 5 నిమిషాల 42 సెకన్ల పాట 13.7 ఎంబీ దాకా ఉండాలి, అంతే ఉంది. కానీ స్పెక్ట్రమ్ (ఏ స్థాయి ధ్వని ఎంత ఉందో చూపే బొమ్మ) తీసి చూస్తే దాదాపు 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు ధ్వని ఆగిపోయింది. అసలైన 320 ఫైలులో 20 కిలోహెర్ట్జ్ చేరువ వరకూ ఏదో ఒకటి కనిపిస్తుంది, ముఖ్యంగా తాళాలు మోగేచోట. 16 దగ్గర కోత పడిందంటే చాలామటుకు అది ఒకప్పుడు 128 కేబీపీఎస్ ఎంపీ3గా ఉండి, తర్వాత ఎవరో 320కి పెంచి దాచిన ఫైలు. పోయిన ధ్వని పెంచితే తిరిగి రాదు, బరువు మాత్రమే పెరుగుతుంది. ఈ పరీక్షకు ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ చాలు. పాట తెరిచి స్పెక్ట్రోగ్రామ్ చూపు ఎంచుకుంటే ఐదు నిమిషాల పని.

స్టూడియో నుంచి బయటికి వెళ్లిన మాస్టర్లన్నీ వేవ్ ఫైళ్లే, అంటే ధ్వని కుదించనివి. ఇదే పాట అందులో 60 ఎంబీ. 128 కేబీపీఎస్ కాపీ తయారైంది ఒక్కసారే, కోరస్ నేర్చుకోవడానికి కొన్ని పీఠాల గురుభవానీలకు (దీక్ష తీసుకున్న బృందాలను నడిపే పెద్దలకు) వాట్సాప్‌లో పంపడానికి. పైగా అది రెండో మిక్స్, అందులో కోరస్ కాస్త వెనక్కి వినిపిస్తుంది. టొరెంట్‌లోనూ అదే మిక్స్ ఉంది. దాంతో స్టూడియో మీద, సౌండ్ ఇంజినీర్ మీద నిర్మాత పెట్టుకున్న అనుమానం తొలగిపోయింది. పరీక్ష చేయకుండా నోటీసు పంపి ఉంటే ఏళ్లనాటి స్నేహం తెగేది.

గురుభవానీల్లో ఒకరిని అడిగితే ఏ దాపరికమూ లేకుండా చెప్పారు: "అమ్మ పాట నలుగురూ పాడుకుంటే పుణ్యం కదండీ. మన పీఠం వాళ్లందరికీ నేనే పెట్టాను." వాళ్ల గ్రూపు నుంచి హాస్టల్లో ఉన్న ఒక పిల్లాడికి, అక్కణ్నుంచి హబ్‌కు, హబ్ నుంచి టొరెంట్‌కు. దొంగతనం ఉద్దేశం మొదటి మూడు చేతుల్లో ఎక్కడా లేదు. పాటను తమదిగా భావించే సమాజంలో ఫైలు ఇలాగే ప్రయాణిస్తుంది. చట్టం దీన్ని ఉల్లంఘన కింద లెక్కగట్టినా, పంచినవాళ్లు మాత్రం దాన్ని సేవగానే చూస్తారు. ఈ రెంటినీ ఒకేసారి మనసులో పెట్టుకోకపోతే ఇలాంటి కేసుల్లో తప్పటడుగులే పడతాయి.

ప్రయత్నించి వదిలేసినవి

మా దగ్గరికి రాకముందే నిర్మాత బంధువు ఒకరు గందరగోళపు శబ్దంతో నకిలీ టొరెంట్లు పెట్టారు. కజా అనే పాత ఫైళ్ల పంపకం సాఫ్ట్‌వేర్ రోజుల్లో ఇలాంటి ఎత్తులు కొంత పారాయి. టొరెంట్లు నడిచే బిట్‌టొరెంట్ పద్ధతిలో పారవు. ఫైలును చిన్న ముక్కలుగా, ఉదాహరణకు 256 కేబీ చొప్పున కోసి, ప్రతి ముక్కకూ ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటి అంకె) రాసి పెడతారు. సుమారు 100 ఎంబీ ఆల్బమ్ అంటే 400 ముక్కలు. చెడ్డ ముక్క వస్తే క్లయింటే (టొరెంట్లు దించే సాఫ్ట్‌వేరే) పారేసి ఇంకొకరి దగ్గర తెచ్చుకుంటుంది. నకిలీది వేరే టొరెంట్‌గా మిగిలిపోతుందే తప్ప అసలుదాన్ని పాడుచేయలేదు. ఆ నకిలీలు దిగుమతి చేసుకున్న భక్తులు మాత్రం నిర్మాతనే తిట్టుకున్నారు.

తర్వాతి ఆలోచన ఐపీ అడ్రసుల (నెట్ కనెక్షన్ల నంబర్ల) సేకరణ. టొరెంట్ క్లయింట్ తెరిస్తే పంచుతున్నవాళ్ల ఐపీలు కనిపిస్తాయి, నిజమే. కానీ మన మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే పబ్లిక్ ఐపీని ఒకే సమయంలో ఎందరో వాడతారు. ఐపీతో పాటు పోర్టు నంబరు, సెకన్లతో సహా సమయం ఉంటేనే ఒక కనెక్షన్ దాకా వెళ్లగలం. అప్పుడైనా చందాదారు ఎవరన్నది ప్రైవేటు మనిషి అడిగితే నెట్ కంపెనీ చెప్పదు, కోర్టు ఆర్డరు కావాలి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. బిట్‌టొరెంట్‌లో దించుకుంటున్నవాడు ఆ క్షణం నుంచే పైకి పంపుతుంటాడు కూడా. సాక్ష్యం కోసం హక్కుదారుడే గుంపులో చేరి ముక్కలు పంచితే, రేపు అవతలి వకీలు "మీరే పంచారు, అంటే అనుమతి ఉన్నట్టేగా" అంటాడు. అందుకని ఈ దారి మొదట్లోనే వదిలేశాం.

టొరెంట్‌ను మూలంలోనే ఆపేద్దామన్న ఆశ కూడా పెట్టుకోలేదు. పాటలు పంచుకునే పాత సర్వీసు నాప్‌స్టర్‌కు మధ్యలో ఒక సర్వర్ ఉండేది. 1999లో మొదలైన ఆ సర్వీసు 2001లో అమెరికా కోర్టు ఆదేశాలతో ఆగిపోయింది, ఎందుకంటే ఆపడానికి ఒక చోటంటూ ఉంది. బిట్‌టొరెంట్‌లో డీహెచ్‌టీ (ఎవరి దగ్గర ఏ ఫైలుందో వాడేవాళ్లే ఒకరికొకరు చెప్పుకునే ఏర్పాటు) వచ్చాక, ఆ జాబితా ఉంచే ట్రాకర్ సర్వర్ కూడా అక్కర్లేదు. టొరెంట్‌కు దారి చూపే మ్యాగ్నెట్ లింకు ఒక వాట్సాప్ మెసేజిలో పట్టేస్తుంది. 2019లో ఢిల్లీ హైకోర్టు మొదలుపెట్టిన డైనమిక్ ఇంజంక్షన్లు (పైరసీ సైటు కొత్త పేరుతో వచ్చినా వర్తించే నిషేధ ఉత్తర్వులు) పెద్ద స్టూడియోలకు అందే సాధనం. ఎనిమిది పాటల నిర్మాతకు ఆ ఖర్చే ఆల్బమ్ బడ్జెట్‌ను దాటిపోతుంది.

పోలీసు కేసు సంగతి వివరంగా చెప్పాలి. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, రూ.50,000 నుంచి రూ.2 లక్షల జరిమానా. 2022లో సుప్రీంకోర్టు నిట్ ప్రో కేసులో ఇది కాగ్నిజబుల్ (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల), నాన్ బెయిలబుల్ నేరమని తేల్చింది. అంటే ఫిర్యాదు పెడితే రెండో ఏడు బీటెక్ చదివే పిల్లాడికి బెయిలు కూడా కోర్టు విచక్షణ మీదే ఆధారపడుతుంది. వ్యాపార లాభం కోసం చేయకపోతే తగిన కారణాలు రాసి శిక్ష తగ్గించే వీలు అదే సెక్షన్‌లో ఉంది. కానీ శిక్ష ప్రశ్న వచ్చేసరికి ఆ కుర్రాడి క్యాంపస్ ఉద్యోగాల కాలం దాటిపోతుంది. నిర్మాతకు దక్కేదేమిటి? హబ్‌లో ఒక కంప్యూటర్ తగ్గుతుంది. ఆల్బమ్ కొనాల్సిన ఊళ్లో పేరు పోతుంది. ఫిర్యాదు వద్దని గట్టిగా చెప్పాం. హాస్టల్ వార్డెన్‌కు ఒక మర్యాదపూర్వకమైన ఉత్తరం రాయిస్తే, వారంలో హబ్ నుంచి ఫోల్డర్ తీసేశారు.

పీఠాల్లో మైకు మీద పాట వేయడం మీద కూడా నిర్మాతకు అభ్యంతరం ఉండేది. అక్కడ ఆయనకు హక్కే లేదు. నిజమైన మతపరమైన వేడుకలో సాగే పాట ప్రదర్శన, రికార్డు వినిపించడం ఉల్లంఘన కిందికి రావని సెక్షన్ 52(1)(జెడ్‌ఏ) స్పష్టంగా చెబుతోంది.

సెల్ షాపులకు వెళ్లిన నోటీసు ఎందుకు బెడిసికొట్టింది

వేరొకరి చేత రాయించిన నోటీసు అప్పటికే గవర్నర్‌పేటలోని కొన్ని షాపులకు చేరింది. అందులో సాహిత్యం, సంగీతం, గానం అన్నింటికీ నిర్మాతే సర్వహక్కుదారుడని రాశారు. ఒక షాపతని వకీలు తిరిగి ఒకే ప్రశ్న వేశాడు: కవి మీకు రాసిచ్చిన కాగితం చూపిస్తారా?

చూపించడానికి లేదు. రికార్డింగ్ విషయంలో నిర్మాత బలంగానే ఉన్నారు. డబ్బు పెట్టి, బాధ్యత తీసుకుని రికార్డు చేయించినవాడే సౌండ్ రికార్డింగ్‌కు కర్త. ఆ హక్కు ప్రచురించిన తర్వాతి ఏడు నుంచి 60 ఏళ్లు. కానీ మాటలు మాస్టారివి, బాణీ కీబోర్డ్ కళాకారుడిది. సెక్షన్ 19 ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటిమాట, ఫోన్‌పే రసీదు ఆ పని చేయవు. పైగా ఎనిమిదింటిలో రెండు బాణీలు పల్లెల్లో ఎప్పటినుంచో పాడుకునే జానపద వరసలు. వాటి మీద ఎవరికీ గుత్తహక్కు లేదు. లేని హక్కును ఉందని చెప్పి బెదిరిస్తే సెక్షన్ 60 కింద ఎదుటివాడే దావా వేసి నష్టపరిహారం అడగగలడు. ఆ నోటీసును వెనక్కి తీసుకోమన్నాం. నిర్మాతకు అది చేదుగానే అనిపించింది.

ముందు కాగితాలు

ఇక్కడి నుంచి పని వరస మారింది. మొదట మాస్టారితో, సంగీతకారుడితో అగ్రిమెంట్లు. ఇందులో సాధారణంగా జరిగే తప్పులు కొన్ని ఉన్నాయి. కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా తీసుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది, అప్పుడు గల్ఫ్‌లోనో అమెరికాలోనో స్ట్రీమింగ్‌కు ఇచ్చే హక్కు నిర్మాతకు రాదు. హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడకపోతే, వేరే మాట రాసుకోకపోతే, అది తిరిగి రచయితకే పోతుంది. బదిలీ నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, ఆ కాగితం చెల్లదు. అందుకని ప్రతి పాటనూ విడిగా పేర్కొని, డౌన్‌లోడ్, స్ట్రీమింగ్, మెమరీ కార్డు, కరోకే అని వరసగా రాయించాం.

రాయల్టీ వద్దని రాయించుకోవడం కుదరదు. సినిమాలో భాగం కాని రికార్డింగుల్లో కూడా సాహిత్య, సంగీత రచయితల రాయల్టీ వాటా ఎక్కడికీ పోదని 2012 సవరణ చెప్పింది. ఒకేసారి డబ్బు తీసుకుని ఊరుకున్న మాస్టారికి ఈ సంగతి మొదటిసారి తెలిసింది. ఆయన ఐపీఆర్‌ఎస్‌లో (రచయితలకు రాయల్టీ వసూలు చేసిచ్చే సంఘం) సభ్యత్వానికి దరఖాస్తు చేశారు. ఈ కేసులో మాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన పని ఇదే. ఫైళ్లు పంచుకోవడం వల్ల నష్టం ఎవరికని చర్చ వచ్చినప్పుడల్లా కంపెనీల పేర్లే వినిపిస్తాయి. మాటలు రాసినవాడికి అంతకుముందే ఏమీ అందడం లేదన్న సంగతి ఎవరూ ఎత్తరు.

సౌండ్ రికార్డింగ్ రిజిస్ట్రేషన్ ఫీజు ఒక్కోదానికి రూ.2,000, సాహిత్యానికి, సంగీతానికి రూ.500. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఎనిమిదీ చేయించకుండా గొడవలో ఉన్న పాటకే దరఖాస్తు పెట్టించి మిగతా డబ్బు అగ్రిమెంట్ల ఖర్చుకు మళ్లించాం.

కోసేసిన చరణం

కంటెంట్ ఐడీ క్లెయిమ్ వేసినవాడి పాటను మొదటిసారి విన్నప్పుడే తేడా తెలిసింది. అసలు పాట 5:42. అతనిది 4:53. 49 సెకన్లు తక్కువ. పోయినవి చివరి చరణం, దాని ముందున్న చిన్న బిట్. మాస్టారు పాతకాలపు కీర్తనల పద్ధతిలో ఆఖరి చరణంలో తన ముద్ర వేసుకుంటారు. త్యాగరాజస్వామి కృతి చివర ఆయన పేరు వచ్చినట్టు. ఫైలు ట్యాగుల్లో పేరు ఎవరైనా చెరిపేయగలరు, పాటలోనే పొదిగిన పేరు పోవాలంటే పాటను కోయాలి. ఇతను కోశాడు.

కోత దగ్గర తరంగాన్ని పెద్దది చేసి చూస్తే మిగతాదంతా అర్థమైంది. డప్పు దెబ్బ మోగి తోక సాగాల్సిన చోట సగంలో తెగింది. వెంటనే కోరస్ పల్లవి ఎత్తుకుంటుంది, కానీ దానికి ముందు చరణం పాడిన గాయని ఊపిరి తీసుకున్న చప్పుడు మిగిలిపోయింది. ఆ ఊపిరి చరణం తర్వాతదే, చరణం మాత్రం లేదు. స్వతంత్రంగా పాడించి రికార్డు చేసినవాడి ఫైలులో అది ఉండే అవకాశమే లేదు.

యూట్యూబ్‌లో క్లెయిమ్ తప్పని డిస్ప్యూట్ వేస్తే జవాబుకు అవతలివాడికి 30 రోజుల గడువు. క్లెయిమ్ పడిన ఐదు రోజుల్లోపు వేస్తే మొదటి రోజు నుంచి ఆదాయాన్ని పక్కన నిలిపి ఉంచుతారు, ఆలస్యమైతే డిస్ప్యూట్ వేసిన రోజు నుంచే. ఈ పాటకు ఆ ఐదు రోజులు ఎప్పుడో దాటాయి, ఈమధ్యే క్లెయిమ్ పడిన రెండో పాటకు దాటలేదు. రెండింటికీ అదే రోజు వేయించాం. కానీ 30 రోజులంటే సీజన్‌లో చాలాభాగం అయిపోతుంది. అందుకని పాటను పైకి ఎక్కించిన డిజిటల్ డిస్ట్రిబ్యూటర్‌కు నేరుగా రాశాం. అప్‌లోడ్ చేసినవాడు హక్కులు తనవేనని వాళ్లకు హామీ ఇచ్చి ఉంటాడు. తప్పని తేలితే చిక్కు వాళ్లకూ వస్తుంది, కాబట్టి కోర్టుకన్నా ముందు కదులుతారు. ఉత్తరంతో పంపినవి: స్టూడియో ప్రాజెక్ట్ ఫైలులో విడివిడి ట్రాకులు కనిపించే స్క్రీన్‌షాట్, 24 బిట్ గాత్రం ట్రాకు, కోత దగ్గర రెండు తరంగాల పోలిక, మాస్టారి అగ్రిమెంట్. డిస్ట్రిబ్యూటర్ పాటను తీసేసి క్లెయిమ్ వదులుకున్నారు. సీజన్‌లో ఇంకా సగం మిగిలే ఉంది.

దావా అవసరం పడితే అని సాక్ష్యం కూడా సిద్ధం చేసి ఉంచాం. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ఫైలు హ్యాష్ విలువ రాయాలి, రెండో భాగంలో నిపుణుడి సంతకం ఉండాలి. దించిన రోజే హ్యాష్ తీసి రాసుకోకపోతే తర్వాత ఫైలు మారలేదని నిరూపించడం కష్టం. అసలు ఫైలును మళ్లీ తెరిచి ట్యాగు ఒక్కటి దిద్దినా హ్యాష్ మారిపోతుంది.

షాపులతో రాజీ

నోటీసు వెనక్కి తీసుకున్నాక అవే షాపులకు నిర్మాత స్వయంగా వెళ్లారు, ఈసారి లైసెన్సు కాగితంతో. కాపీకి ఇంత అని పెడితే లెక్క తేలదు, షాపతను నిజం చెప్పినా నిరూపించలేడు. అందుకని సీజన్‌కు ఒకే మొత్తం, చిన్నది. దానికి బదులు అతనికి దక్కేది ఫైనల్ మిక్స్‌తో ఉన్న మంచి ఫోల్డర్, కౌంటర్ మీద పెట్టుకునే అనుమతి పత్రం.

ఆ ఫోల్డర్ తయారీలో కొన్ని జాగ్రత్తలు. పాటలు 192 కేబీపీఎస్. ట్యాగులు (ఫైలులో ఉండే పాట వివరాలు) ఐడీ3 పద్ధతి వెర్షన్ 2.3లోనే, ఎందుకంటే పాత కారు స్టీరియోలు 2.4లోని తెలుగును సరిగ్గా చదవవు. ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, బటన్ ఫోన్లలో తెలుగు పేర్లు డబ్బాలుగా కనబడతాయి కాబట్టి. ట్యాగులో మాస్టారి పేరు, సంగీతం, గాయకుల పేర్లు, ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ప్రతి రికార్డింగుకూ ఉండే గుర్తింపు నంబరు), కవర్ బొమ్మ. పోటీగా తిరిగే టొరెంట్ కాపీలో వెనక్కి వినిపించే కోరస్ ఉంది, ఇందులో ముందుకొచ్చింది. పీఠాల వాళ్లే పాతది తీసేసి కొత్తది అడిగారు. ఆపమని చెప్పినా ఆగనిది మెరుగైనది ఇస్తే చాలావరకు దానంతటదే వెనకబడింది.

డబ్బు మాత్రం ఊహించని చోట వచ్చింది. గాత్రం తీసేసిన ట్రాకులు కావాలని భజన బృందాలు అడిగాయి. ఫోన్‌లో ట్రాకు వేసుకుని మైకులో పాడుకుంటారు. ఇవి టొరెంట్‌లో లేవు, ఉండే వీలూ లేదు, స్టూడియో ప్రాజెక్ట్ నుంచే తీయాలి. శ్రుతి మార్చి రెండు రకాలుగా, మగ గొంతుకు, ఆడ గొంతుకు ఇచ్చారు. కొన్న బృందం పేరు ఫైలు ట్యాగులో రాసి పంపారు. అది అడ్డు కాదు, చెరిపేయవచ్చు. కానీ తమ పీఠం పేరున్న ఫైలును ఊరికే బయటికి వదలడానికి జనం కాస్త వెనకాడతారు.

ఇప్పటి స్థితి

టెలిగ్రామ్ ఛానల్‌కు కాపీరైట్ రూల్స్‌లోని 75వ నిబంధన కింద రాతపూర్వక ఫిర్యాదు వెళ్లింది, లింకుల పేర్లతో సహా. అలాంటి ఫిర్యాదు అందాక 36 గంటల్లో యాక్సెస్ ఆపాలి, 21 రోజుల్లోగా కోర్టు ఆర్డరు తేకపోతే మళ్లీ తెరవవచ్చు. లింకులు పోయాయి. అదే ఛానల్ వేరే పేరుతో మళ్లీ వచ్చింది, ఈసారి పట్టించుకోలేదు, సీజన్ చివరికొచ్చింది. టొరెంట్‌లో కొందరు ఇంకా సీడ్ చేస్తూనే (పూర్తి ఫైలు ఇతరులకు పంచుతూనే) ఉన్నారు.

చరణం కోసినవాడి మీద దావా వేయాలా అన్నది నిర్మాత, మాస్టారు కలిసి తేల్చుకోవాలి. దావా వేస్తే, తక్షణ ఊరట అడగకపోతే, కమర్షియల్ కోర్టుకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. పాటను వికృతం చేసినందుకు సెక్షన్ 57 కింద అడిగే హక్కు మాస్టారిది, అది నిర్మాతకు బదిలీ కాదు. ఆయన నష్టపరిహారం వద్దన్నారు. పాటను పూర్తిగా, చివరి చరణంతో సహా, తన పేరుతో మళ్లీ అదే ఛానల్‌లో పెట్టించమని అడిగారు. ఆ మేరకు రాజీ పత్రం ముసాయిదా అవతలివైపుకు పంపాం.